అంకుడు కర్ర ఇంజను

పోయిన నెల వదిన ఫోను చేసింది. సోల్జర్‌పేట ఇల్లు బేరం కుదిరిపోయిందట. "నాన్న ఇనప్పెట్టె అటక మీదే ఉండిపోయిందిరా. నువ్వొచ్చి పట్టుకెళ్తావా, పాత సామాన్లోడికి ఇచ్చీమంటావా?" అంది. అడగాలి కాబట్టి అడిగింది గానీ, నేనేం చెబుతానో తనకి తెలుసు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. పాత పోస్టాఫీసు దగ్గర బండి పెట్టి సందులోకి నడిచాను. ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడలు, వాకిట్లో ఆరేసిన ఎండుచేపలు, ఎవరింట్లోంచో రేడియో. పెట్టె దింపి చూస్తే మూత మీద తెల్ల పెయింటుతో రాసిన మావయ్య ఆర్మీ నంబరు సగం రాలిపోయింది. గడియ బిగుసుకుపోయి కదల్లేదు. వదిన సుత్తి తెస్తానంది. వద్దని, వంటింట్లోంచి కొబ్బరినూనె తెప్పించి రెండు చుక్కలు వేసి, కాఫీ తాగి వచ్చి అరచేత్తో తట్టాను. ఊడొచ్చింది. ముందు నూనె, తర్వాత ఓపిక, ఆ రెండూ పని చెయ్యకపోతేనే సుత్తి అని నాకు నేర్పిన మనిషి పెట్టే అది.

మూత లేవగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. దాని వెనకే పాత డీజిలు వాసన. ఆ రెంటి అడుగునించి సన్నగా లక్క వాసన. డీజిలూ లక్కా కలిసిన వాసన ఇంకెక్కడైనా ఉంటుందా? ఒకటి యుద్ధం టాంకులది, ఒకటి ఏటికొప్పాక బొమ్మలది. ఈ రెంటికీ చుట్టరికం కలిపినవాడు మా మావయ్యే.

అడుగున మిలట్రీ కంబళిలో చుట్టి చెక్క పిస్టన్లు ఉన్నాయి. పసుపు లక్కపూత వేసినవి ఆరు, ఎరుపువి ఆరు. పిస్టనుకొకటి ఉండాల్సిన కనెక్టింగ్ రాడ్లు లెక్కపెడితే పదకొండే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే.

* * *

మావయ్య సైన్యంలో ఈఎంఈలో చేసేవాడు. తుపాకులు పట్టుకుని ముందు పోయేవాళ్ళ వెనకాల పానాలు పట్టుకుని పోయే దళం అది. సికింద్రాబాదులో ట్రైనింగు, ఆ తర్వాత పంజాబు, రాజస్థాను, బెంగాలు. శ్రీకాకుళం జిల్లాలో అమ్మమ్మగారి ఊరు వదిలి వెళ్ళేనాటికి ఆయన దగ్గర్నించి చూసిన యంత్రం ఎడ్లబండి ఇరుసొక్కటే అని అమ్మ ఎగతాళి చేసేది. రిటైరై వచ్చాక విశాఖపట్నంలో వన్‌టౌన్ సందుల్లో ఒక రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని, బోట్ల డీజిలు ఇంజన్లు బాగుచెయ్యడం మొదలెట్టాడు. బోర్డంటూ లేదు. మిలట్రీ షెడ్డు ఎక్కడంటే ఫిషింగ్ హార్బరు దాకా ఎవరైనా చూపించేవారు.

మా ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒక్క సందు. బడి గంట కొడితే నేను ఇంటికి కాదు, అక్కడికే పోయేవాణ్ణి. డ్రమ్ము అడ్డంగా కోసి చేసిన కిరసనాయిలు తొట్టి, అందులో నానే నట్లు, బోల్టులు. గోడ మీద ప్రతి పానాకీ దాని ఆకారం పెయింటుతో గీసి ఉండేది. సాయంత్రం ఒక్క ఆకారం ఖాళీగా కనబడినా షెడ్డు తలుపు మూతపడేది కాదు. ఒకసారి పద్నాలుగో నంబరు పానా దొరక్క రాత్రి తొమ్మిదింటి దాకా బోటు మనుషులు, నేను, పక్క టీకొట్టు కుర్రాడు నేలంతా వెతికాం. చివరికి అది మావయ్య లుంగీ మడతలోనే దొరికింది. ఎవ్వరూ నవ్వలేదు. నవ్వే ధైర్యం ఎవరికుంది?

ఇంజను తిరుగుతుంటే పొడుగాటి స్క్రూడ్రైవరు మొన బ్లాకుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకునేవాడు. కళ్ళు మూసేవాడు. హార్బరులో ఓడల కూతలు, షిప్‌యార్డు సైరను, ఖనిజం వేగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు, సందులో కోడిపుంజులు... ఇవేవీ ఆయనకి వినపడేవి కాదు. కాసేపటికి కళ్ళు తెరిచి, "మూడో సిలిండరు నాజిలు ఉమ్మేస్తంది" అనేవాడు. విప్పి చూస్తే మూడోదే. పొగని బట్టి కూడా జబ్బు చెప్పేవాడు. నల్లపొగైతే తిండెక్కువ, నీలం పొగైతే తాగుడు, తెల్లపొగైతే చలిజ్వరం. నేను డిప్లొమాలో చేరాక మా లెక్చరరు ఇదే సంగతిని గంటసేపు చెప్పాడు. ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

నా పని రాగి వాషర్లు కాల్చడం. పాతబడ్డ వాషర్లు గట్టిపడి నూనె కారుస్తాయి. వాటిని తీగకి గుచ్చి బ్లోలాంపు మంట మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాలి. "ఇనుముని కాల్చి ముంచితే రాయైపోద్ది. రాగి మట్టుకు ఎన్నవుద్ది. ఏదేటో తెలీకుండా ముంచీకు" అనేవాడు. పది వాషర్లకి ఒక గోలీసోడా కూలి. షెడ్డు వెనకాల, కొబ్బరిపీచు నానేసే పాత సిమెంటు తొట్టిలో ఆ వాషర్లు చుయ్యిమని ముణిగే చప్పుడు ఇప్పటికీ నాకిష్టం.

* * *

కరెంటు పోతే టాంకులు వచ్చేవి. లాంతరు వెలిగించి, బీడీ ముట్టించి మొదలుపెట్టేవాడు. యుద్ధం కథలు మాత్రం చెప్పేవాడు కాదు. "ఎన్ని టాంకుల్ని పేల్చారు మావయ్యా?" అని మేం ఎంత గుచ్చి అడిగినా ఒకటే జవాబు. "నాకేటి తెలుసురా. నేను ఎనకాల డెక్కు ఇప్పి అందులో తలకాయెట్టి ఉన్నాను."

అందువల్ల మాకు టాంకులంటే ఫిరంగులు కాదు, ఇంజన్లే. షెర్మన్ టాంకు సంగతి ముందు వచ్చేది. 1965లో అసల్ ఉత్తర్ దగ్గర డెక్కన్ హార్స్ వాళ్ళవి షెర్మన్లే. షెర్మన్లలో ఒక రకానికి విమానానికి పెట్టే లాంటి గుండ్రటి ఇంజను, చక్రంలో ఆకుల్లాగా చుట్టూ తొమ్మిది సిలిండర్లు. కాసేపు ఆపి ఉంచితే నూనె కింది సిలిండర్లలోకి దిగిపోతుంది. అలాగే స్టార్టు చేస్తే నూనె నలగదు గనక రాడ్డు వంగిపోతుంది. అందుకని ముందు చేత్తో హాండిలు తిప్పాలి. యాభై తిప్పులు. "పంజాబు చలిలో, తెల్లారగట్ల" అని చేతులు రుద్దుకునేవాడు, విశాఖ ఉక్కలో కూచుని. ఇంకో రకం షెర్మన్‌లోనైతే అయిదు కారింజన్లు తెచ్చి ఒకే కాడికి కట్టారట. ముప్పై సిలిండర్లు! ఇది కోత అనుకున్నాం. చాలా ఏళ్ళ తర్వాత పుస్తకంలో చూశాను. నిజమే, అయిదు క్రిస్లర్ ఇంజన్లు.

సెంచూరియన్ గురించి చెప్పేటప్పుడు గొంతు మారేది. దాని మీటియర్ ఇంజను స్పిట్‌ఫైర్ విమానం నడిపిన మెర్లిన్‌కి సొంత తమ్ముడు. సూపర్‌ఛార్జరు తీసేసి నేల మీదకి దింపారు. 27 లీటర్లు, పన్నెండు సిలిండర్లు, అంతా పెట్రోలే. "రెక్కలు కోసీసిన గెద్దరా అది" అనేవాడు. మన ఆవడిలో తయారైన విజయంతకి ఎల్-60. దానిలో ఆరు సిలిండర్లకి పన్నెండు పిస్టన్లు, పైనొక క్రాంకు షాఫ్టు (పిస్టన్లు తిప్పే ఇరుసు), కిందొకటి. ఒక్కో సిలిండర్లో రెండు పిస్టన్లు ఎదురెదురుగా వచ్చి, దగ్గరపడ్డప్పుడే నిప్పు. "ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ళు" అని మా అత్తయ్య వైపు ఓరగా చూసేవాడు. అత్తయ్య లాంతరు ఒత్తి ఎగదోస్తూ వినపడనట్టే ఉండేది.

కానీ ఆయన మనసు పారేసుకుంది రష్యా ఇంజను మీద. 1930ల్లో ఖార్కోవ్‌లో పుట్టిన వీ-2. టీ-34ని నడిపింది అదే, కొద్ది మార్పులతో టీ-55 నీ అదే, మరి కాస్త బలిసి టీ-72 నీ అదే. అల్యూమినియం ఒళ్ళు, పన్నెండు సిలిండర్లు, 38.8 లీటర్లు, టీ-55లో 580 గుర్రాల బలం. నేనోసారి లెక్కకట్టి చూశాను. మారుతీ 800 ఇంజన్లు నాలుగు కలిపితే దాని ఒక్క సిలిండరు. టీ-55లో ఇంజను అడ్డంగా కూచుంటుంది. అక్కణ్ణించి శక్తిని గేరుబాక్సు వైపు తిప్పే పళ్ళపెట్టెకి రష్యావాళ్ళు పెట్టుకున్న పేరు గిటారా. ఈ మాట చెప్పినప్పుడల్లా మావయ్య గాల్లో తీగలు మీటేవాడు. పొగ తెర కావాలంటే దానికి వేరే మందు గుండు అక్కర్లేదు. వేడెక్కిన ఎగ్జాస్టులోకి డీజిలు చిమ్మితే చాలు, తెల్లటి మేఘం లేస్తుంది. దోమలు ఎక్కువైన రాత్రుల్లో మాకు ఆ విద్యే గుర్తొచ్చేది.

1971లో ఆయన తూర్పు సరిహద్దులో, పీటీ-76 లు ఉన్న రెజిమెంటుతో ఉన్నాడు. నీళ్ళలో ఈదే టాంకు అది. మేఘనా దాటేటప్పుడు అరగంట ఈదేసరికి అవి వేడెక్కిపోతే నాటుపడవలకి కట్టి లాగిన సంగతి చెప్పి, "మన జాలరోళ్ళుంటే ఇంకా బేగి లాగుదురు" అనేవాడు. అప్పుడు అమ్మ అందుకునేది. కిటికీలకి నల్లకాయితాలు అంటించుకుని కూచున్న రోజులవి. డిసెంబరు 3 అర్ధరాత్రి సముద్రం వైపునించి ఢామ్మని వచ్చిన పేలుడుకి మా ఇంటి అద్దాలు గడగడలాడాయట. అది పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ అని తర్వాత తెలిసింది. "వీడక్కడ ఎలా ఉన్నాడో అని మేం ఏడుస్తుంటే, యుద్ధం మా గుమ్మంలోకే వచ్చింది" అని అమ్మ ఈ ముక్క ఎప్పుడూ ఒకే మాటల్లో చెప్పేది.

* * *

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం తుక్కు వ్యాపారి లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. లారీలో టార్పాలిను కింద పొడుగ్గా ఏదో ఉంది. మావయ్య టార్పాలిను ఒక కొస ఎత్తి చూసి వెంటనే దించేశాడు. లోపలికి వెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఇంజను ముందు చొక్కా వేసుకున్న మావయ్యని అదే మొదటిసారి చూడటం.

అది పీటీ-76 ఇంజను. వీ-2 ని నిలువునా సగానికి కోస్తే వచ్చేది. ఒకే వరస ఆరు సిలిండర్లు, 19 లీటర్లు, 240 గుర్రాలు. ఏ వేలంలోంచి ఏ చేతులు మారి వచ్చిందో, నాజిళ్ళు (సిలిండర్లోకి డీజిలు చిమ్మేవి) లేవు, తొర్రల్లో కందిరీగలు గూడు పెట్టాయి. తుక్కు రేటుకే కొన్నాడు. ఆ తుక్కు రేటు ఎంతో అత్తయ్యకి తెలిసిన రాత్రి మేమెవ్వరం ఆ ఇంటి వైపు పోలేదు.

బిగుసుకుపోయిన ఇంజన్ని విడిపించడం ఎలాగో అప్పుడు చూశాను. ముందు నాజిలు తొర్రల్లోంచి సగం డీజిలు, సగం కిరసనాయిలు పోశాడు. పోసి వదిలేశాడు. రోజూ పొద్దున్న వెళ్ళి పుల్ల ముంచి చూసేవాడు, ఎంత దిగిందని. ఒకటో సిలిండర్లో దిగింది, నాలుగులో దిగలేదు. అంటే నాలుగో దానిలో రింగులు కరుచుకున్నాయి. మూడు వారాలు పోస్తూనే ఉన్నాడు. అసలు కష్టం పిస్టన్లతో కాదు, స్టడ్డులతో, అంటే తల లేని బోల్టులతో. అల్యూమినియంలో బిగించిన ఉక్కు స్టడ్డు, దానికి మన ఊరి ఉప్పుగాలి. రెండు లోహాలూ ఒకదాన్నొకటి తినేసి తెల్లగా పొడి కట్టి బిగిసిపోతాయి. బలం ఉపయోగిస్తే పుటుక్కున తెగుతుంది, తెగితే దాన్ని తవ్వి తియ్యడం నరకం. చుట్టూ వేడి చేసి, చల్లారనిచ్చి, మళ్ళీ వేడి చేసి, పానాతో చిటికెడు విప్పి, చిటికెడు బిగించి, మళ్ళీ విప్పి... పుల్లల్లో ఉన్న తేలుని తీసినట్టు తీసేవాడు. రెండు తెగాయి. తెగిన రోజు అన్నం తినలేదు.

వాల్వులకి గ్రైండింగు పేస్టు రాసి చేత్తో తిప్పుతూ కూచునే పని నాది, నాతోపాటు ఇద్దరు బోటు కుర్రాళ్ళది. ఒక్కో సిలిండరుకి నాలుగు, మొత్తం ఇరవై నాలుగు. మావయ్య పక్కన కూచుని ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లు అంటుకునే వరస, ఎక్కంలా చెప్పించేవాడు. ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. తప్పు చెబితే వాషర్లు కాల్చిన కూలి కోత. ఇప్పటికీ నిద్ర పట్టకపోతే నేను గొర్రెల్ని లెక్కపెట్టను, ఇదే.

స్టార్టు చేసిన రోజు ఆదివారం. లారీ బాటరీలు రెండు కలిపి కట్టారు. చల్లదనానికి డ్రమ్ముడు నీళ్ళు. ఇలాంటి ఇంజన్లో ముందు నూనె పైదాకా ఎక్కించి, గేజీ ముల్లు లేచాకే తిప్పాలి. పొడి బేరింగుల మీద తిప్పితే మొదటి నిమిషంలోనే చస్తుంది. మావయ్య చేతిపంపుతో నూనె ఎక్కిస్తుంటే సందంతా నిశ్శబ్దంగా చూసింది. తిరిగింది. దగ్గింది. ఆగింది. మళ్ళీ తిరిగింది. మూడోసారి అంటుకుంది చూడండి, షెడ్డు రేకులన్నీ ఒక్కసారి పలికాయి. ఎదురింటి మేడ మీద ఆరేసిన తెల్లచీరలు మూడు నిమిషాల్లో తెల్లవి కాకుండా పోయాయి. ఆ ఇంటావిడ అరుస్తోందని నోరు కదలడాన్ని బట్టి తెలిసింది గానీ ఒక్క అక్షరం వినపడలేదు. మావయ్య స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకోలేదు. బ్లాకు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, జ్వరం చూస్తున్నట్టు.

చీరల డబ్బు అత్తయ్య కట్టింది.

రెండేళ్ళ తర్వాత వదిన పెళ్ళి కుదిరింది. అల్యూమినియం ధర బాగా పలికే రోజులు. ఎక్కువ చెప్పడానికేం లేదు. అమ్మే ముందు రాత్రి మావయ్య వెర్నియరు పట్టుకుని, నా చేత లాంతరు పట్టించి, ఆ ఇంజన్ని అంగుళం వదలకుండా కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాడు. బోరు, అంటే సిలిండరు అడ్డం, 150 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, 180.

* * *

పెళ్ళయిన మూడో నెలలో "అల్లుడూ, రేపు ఏటికొప్పాక ఎల్దుం" అన్నాడు. అడ్డరోడ్డులో బస్సు దిగి, అక్కణ్ణించి ఊళ్ళోకి. వరాహ నది ఒడ్డున ఇంటింటా లేతులు. అంకుడు కర్ర మెత్తగా, తెల్లగా ఉంటుంది. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పూత పట్టేస్తుంది, మొగలాకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. లక్కపిడతలు, బొంగరాలు, పెళ్ళివారి కుంకుమ భరిణెలు చేసే ఒక ముసలాయన ముందు మావయ్య తన నోటుబుక్కు తెరిచాడు.

"పన్నెండు పిస్టన్లు కావాల. ఆరు పసుపు, ఆరు ఎరుపు. అడ్డం ఇరవై అయిదు మిల్లీమీటర్లు."

ఆరింట ఒక వంతు. 150కి 25, 180కి 30. ఇప్పటి కుర్రాళ్ళు 35 లో ఒక వంతు ప్లాస్టిక్ టాంకులు చేసుకుంటున్నారు. బాగుంటాయి, నా అలమరాలోనూ రెండున్నాయి. కానీ వాటిలో ఇంజను అగ్గిపెట్టంత. మూత వేస్తే ఇంక కనపడదు. మావయ్యకి టాంకు అక్కర్లేదు, ఇంజనే కావాలి. అది కూడా సగం కాదు. "సగం అమ్ముకున్నాం గదా. చేస్తే మొత్తం చేద్దుం" అన్నాడు. అంటే పన్నెండు సిలిండర్ల వీ-2.

పిస్టన్లు, రాడ్ల కాడలు ఏటికొప్పాకలో తయారయ్యాయి. క్రాంకుకేసుకి మా పాతింటి టేకు గుమ్మం చెక్క. మిగతాదంతా ఆకురాయితో, చేత్తో. ఏడాది పైనే పట్టింది. పసుపు పిస్టన్లు ఎడమ వరస, ఎరుపువి కుడి వరస. వీ-2 లో చమత్కారం ఏమిటంటే, ఎదురెదురు పిస్టన్ల రాడ్లు రెండూ క్రాంకు మీద పక్కపక్కన కూచోవు. ఎడమ రాడ్డే క్రాంకుని పట్టుకుంటుంది. కుడి రాడ్డు పొట్టిది, ఎడమ దాని పక్కటెముకకి పిన్నుతో తగిలించి ఉంటుంది. పెద్దోడు నేల మీద నడుస్తాడు, చిన్నోడు పెద్దోడి భుజం మీద. మావయ్య ఇవన్నీ జ్ఞాపకం మీదే సరిగ్గా చేశాడు.

అంతా బిగించి హాండిలు తిప్పితే, టక్.

కుడి వరసలో పిస్టన్లు పైనున్న మూతకి, అంటే హెడ్డుకి, తగులుతున్నాయి. ఆరూ తగులుతున్నాయి. ఎడమవి నున్నగా తిరుగుతున్నాయి. వారం రోజులు చూశాడు. చివరికి లేతు పట్టినాయన ఎరుపు పిస్టన్లు పొడుగు చేసేశాడని తేల్చి, వాటిని సంచిలో వేసుకుని, నన్నూ తీసుకుని మళ్ళీ ఏటికొప్పాక. ముసలాయన పన్నెండు పిస్టన్లూ అరుగు మీద వరసగా నిలబెట్టి, పైన బద్ద వేశాడు. బద్ద ఒక్కచోట కూడా లేవలేదు.

"నా పిస్టన్లన్నీ ఒకే కొలత బాబూ. తేడా ఉంటే నీ లెక్కలో ఉంటాది."

తిరుగు బస్సులో మావయ్య ఒక్క మాట మాట్లాడలేదు. అనకాపల్లిలో బెల్లం కొనడం కూడా మరిచిపోయాడు. ఆ రాత్రి రెండింటికి మా తలుపు దబదబా కొట్టాడు. ఎవరికేమైందోనని అమ్మ ఏడుపందుకోబోయింది.

"అల్లుడూ, చిన్నోడు భుజమ్మీద ఉన్నాడ్రా! భుజమ్మీదున్నోడు ఇంకాస్త పైకెళ్తాడు గదా!"

అదీ సంగతి. చిన్న రాడ్డు పెద్దదాని పక్కన వేలాడుతుంది గనక దాని కదలిక కాస్త ఎక్కువ. అసలు ఇంజన్లో ఎడమ స్ట్రోకు 180 మిల్లీమీటర్లైతే కుడి స్ట్రోకు 186.7. ఆయన కొలుచుకున్నది సగం ఇంజన్ని, అందులో చిన్నోడే లేడు. ఆరింట ఒక వంతులో ఆ తేడా మిల్లీమీటరు చిల్లర. సైన్యంలో వందసార్లు చూసిన సంగతి, చేతులకి తెలిసిందే. నోటుబుక్కుకి తెలీదు.

హెడ్డు మళ్ళీ చెక్కడానికి టేకు మిగల్లేదు. గ్యాస్‌కెట్టు (హెడ్డు కింద వేసే పొర) మందం పెంచాలి. ఇంట్లో దళసరి అట్ట ఏముందా అని వెతికితే వదిన పెళ్ళి శుభలేఖలు ఓ కట్ట మిగిలి ఉంది. మూడు పొరలు అంటించి, ఆరు గుండ్రాలు కోసి వేశాడు. టక్ పోయింది.

* * *

విక్టరీ ఎట్ సీ స్మారకం 1996లో కట్టారు. రామకృష్ణ బీచిలో దాని దగ్గరున్న టాంకు పక్కన ఫొటో దిగని విశాఖ పిల్లలుండరేమో. మావయ్యకి అప్పటికి మోకాళ్ళు పట్టేశాయి. సాయంత్రాలు నా స్కూటరు మీద తీసుకెళ్తే అందరూ ఫిరంగి గొట్టం వైపు నిలబడేవారు, ఈయన వెనక్కి వెళ్ళేవాడు. డెక్కు మీద చెవి పెట్టేవాడు. మరమరాలవాడు మమ్మల్ని చూసి నవ్వేవాడు.

"లోపల ఇంజనుందా మావయ్యా?"

"నువ్వెప్పుడూ ఇదే అడుగుతావు" అనేవాడు గానీ జవాబు చెప్పేవాడు కాదు.

2002లో కురుసుర జలాంతర్గామిని ఇసక మీదకి తెచ్చి మ్యూజియం చేశారు. ఆ ఇరుకు గుమ్మాల్లోంచి మోకాళ్ళతో ఎలా దూరతాడా అని నా భయం. దూరాడు. డీజిళ్ళ గది దగ్గర కదలడం మానేశాడు. మూడు ఇంజన్లు, ఒక్కోటీ రెండువేల గుర్రాలు. వెనకాల జనం నడవండి నడవండి అని తోస్తున్నారు. అక్కడ గైడుగా ఉన్న రిటైరైన నేవీ ఆయనతో మాటలు కలిశాయి. చూస్తుండగానే ఇద్దరూ రష్యా మాటల్లోకి దిగిపోయారు. "మాస్లా" అన్నాడొకడు, "దావ్లేనియే" అన్నాడింకొకడు. అంటే నూనె, ఒత్తిడి. రష్యాలో అన్నం అడగడం వచ్చునో లేదో గానీ ఇద్దరికీ నూనె ఒత్తిడి అడగడం వచ్చు. బయటికొచ్చాక మొక్కజొన్న కండి తింటూ, "ఆడిదీ మన సంసారమేరా" అన్నాడు.

* * *

హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12న షెడ్డు రేకులు పోయాయి. ఎక్కడికి పోయాయో కూడా తెలీదు. షెడ్డు అప్పటికే మూతబడి ఏళ్ళయింది, కానీ చెక్క ఇంజను అక్కడే బెంచీ మీద ఉండేది. మూడో రోజు దారులు తెరిచాక వెళ్ళాం. టేకు క్రాంకుకేసు బీటలు తీసింది. అంకుడు పిస్టన్లు నీళ్ళలో తేలుతున్నాయి, లక్క పుణ్యమా అని రంగు కూడా పోకుండా. మావయ్య ఎనభైకి దగ్గర పడ్డాడు. మోకాలి లోతు బురదలో స్టూలు వేసుకు కూచుని, ఏరిచ్చినవి ఏరిచ్చినట్టు లుంగీతో తుడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "రేపు బిగిద్దుం" అన్నాడు. ఆ మాట నాలుగేళ్ళు అన్నాడు. అప్పుడు నేనూ రేపే అనుకున్నాను.

పెట్టె ఇంటికి తెచ్చాక క్రాంకుకేసు బీటల్లో జిగురు నింపి, పట్టు బిగించాను. పన్నెండో రాడ్డు కోసం మళ్ళీ ఏటికొప్పాక వెళ్ళాను. ముసలాయన లేడు, మనవడు మోటారు లేతు పట్టాడు. ఈ కర్ర ఏ బొమ్మలోకి సార్ అన్నాడు. టాంకు ఇంజన్లోకి అన్నాను. సరే అని తల ఊపి, పావుగంటలో కాడ తీసి ఇచ్చాడు. కొసలు నేనే ఆకురాయితో రాసుకున్నాను, నా చేతికి అంత పని ఇంకా వస్తుందని తెలియడం కూడా బాగుంది.

మొన్న రాత్రి బిగించడం అయింది. ఒకటి, అయిదు, మూడు, ఆరు అనుకుంటూ హాండిలు తిప్పాను. పసుపు వరస నున్నగా లేచి దిగింది. ఎరుపు వరసలో, టక్.

విప్పి చూస్తే శుభలేఖల గ్యాస్‌కెట్లు నీటికి నాని, నలిగి కాయితమంత పల్చబడిపోయాయి. ఒకదాని అంచున పసుపు మరక, "చి.ల.సౌ." అన్న అక్షరాలూ ఇంకా కనబడుతున్నాయి. వదినకి ఫోను చేశాను.

"ఒదినా, నీ పెళ్ళి శుభలేఖలు ఏమైనా మిగిలి ఉన్నాయా?"

అవతల కాసేపు ఏం వినపడలేదు. తర్వాత బీరువా తలుపు కిర్రుమంది.

"ఎన్ని పొరలు వెయ్యాల్రా?" అంది.